చుక్కల సున్న

జనగామలో రైలెక్కి హైదరాబాద్ పోయి రోజూ నువ్వు చేసే పనేమిటని ఎవరైనా అడిగితే, సున్నలు ఏరే పని అని చెబుతాను. నవ్వుతారు. నవ్వనీ. బియ్యంలో రాళ్లు ఏరేవాళ్లను చూసి మాత్రం ఎవరూ నవ్వరు, రాయి తగిలితే విరిగేది తమ పన్నే గనక. తెలుగు విరిగితే ఎవరికి నొప్పి?

మా ఆఫీసుకు పాత తెలుగు పుస్తకాలు టైపయి వస్తాయి. ఫోన్లలో చదువుకునే పుస్తకాలుగా మారేముందు వాటిలో తప్పులు పట్టాలి. అన్నిటికన్నా దొంగ తప్పు సున్నది. తెలుగులో సున్నలు రెండు. "అందం"లో ఉన్నది అక్షరం. ౧ పక్కన పెడితే పది అయ్యేది అంకె. కంటికి రెండూ ఒకటే. కంప్యూటర్‌కు కళ్లు లేవు. ప్రతి గుర్తుకూ లోపల ఒక నంబరు ఇచ్చుకుని ఆ నంబరుతోనే అది గుర్తుపడుతుంది. అక్షరం సున్నకు ఒక నంబరు, అంకె సున్నకు వేరే నంబరు. మనవాళ్లు ఒకటి కొట్టాల్సిన చోట రెండోది కొట్టి, కనపడుతున్నది కదా అని చేతులు దులుపుకుంటారు. మా మండలం దంతాలపల్లి. ఒక మ్యాపులో ఎవరో మహానుభావుడు దాన్ని అంకె సున్నతో కొట్టి పెట్టాడు. ఇక అందులో దంతాలపల్లి అని ఎంత వెతికినా దొరకదు. వేలు పెట్టి చూస్తే ఉంటుంది, పేరు పెట్టి వెతికితే ఉండదు.

"ఈ రోజుల్లో తెలుగు అంకెలు ఎవరు వాడుతున్నారండీ?" అని మా మేనేజరు నన్ను జాలిగా చూస్తాడు. ఆయనది కోస్తా. నేను "గిది తప్పు సార్" అన్నప్పుడల్లా ముందు "గిది"కి నవ్వుకుని, ఆ తర్వాత తప్పు సంగతి చూస్తాడు. ఆ నవ్వు నాకు అలవాటే. మా యాస ఆయనకు సినిమాల్లో హాస్యం కోసం పెట్టినదానిలాగే కనపడుతుంది, పాపం.

తెలుగు అంకెలు ఎవరు వాడతారో నాకు తెలుసు. మా బాపు వాడేవాడు.

బాపుకు వ్యవసాయం తప్ప ఇంకో లోకం లేదు. ఆ లోకంలో ఇంగ్లీషు అంకెలకు చోటు లేదు. వడ్ల బస్తాల మీద, మోటారు స్టార్టరు డబ్బా మీద, ఇంటి తలుపు మీద, ట్రాక్టరు ట్రాలీ వెనక, అన్నిటి మీదా తెలుగు అంకెలే. "బస్తా తలకిందులైతే ఇంగ్లీషు ఆరు తొమ్మిదైతది. మన ఆరు ఎట్ల పడేసినా ఆరే" అనేవాడు. మార్కెట్లో హమాలీలు అవి చదవలేక మొత్తుకుంటే, "పదే గద, నేర్చుకోండ్రి" అని అక్కడే పుల్లతో నేల మీద రాసి చూపించేవాడు. వాళ్లు ఒక పక్క నవ్వుకుంటూనే నేర్చుకున్నారు. మా మేనేజరు కన్నా నయం.

మా ఇంట్లో నాన్నను బాపు, అమ్మను అవ్వ అనే పిలుస్తాం. అవ్వ బడి మొహం చూడలేదు. పెళ్లయిన కొత్తలో వాకిట్లో ముగ్గు వేస్తుంటే బాపు పక్కన గొంతుక్కూర్చుని, అదే పిండితో అంకెలు రాయించాడట. అవి వచ్చాక అక్షరాలు కూడా మొదలుపెట్టారు గానీ, "అ" దగ్గరే ఇద్దరికీ కొట్లాట అయింది. నీకు చెప్పరాదని ఆమె, నీకు చేయి తిరగదని ఆయన. దాంతో అక్షరాలు పోయి అంకెలు మిగిలాయి. అవ్వ ఫోను మీది ఇంగ్లీషు అంకెలను బొమ్మల్లా గుర్తుపెట్టుకుని నొక్కుతుంది. చదవడమంటూ చదివేది బాపు రాసిన అంకెలే.

యాసంగి నాట్లప్పుడు బాపు పోయాడు. పొలంలోనే సమాధి కట్టాం. దాని మీద నిలబెట్టే రాయి గురించి ఇంట్లో పంచాయితీ మొదలైంది. మా అన్న భూపాలపల్లిలో ఉద్యోగం చేస్తాడు, ఉద్యోగం కన్నా రాజకీయం ఎక్కువ చేస్తాడు. ఆయనకు రాయంటే ఫ్లెక్సీకి అన్న. బాపు నిలువెత్తు ఫోటో చెక్కించాలన్నాడు. చిన్నాయిన ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంటే గౌరవంగా ఉంటుందన్నాడు. ఇంగ్లీషు అంకెనే గడప తొక్కనీయని మనిషికి ఇంగ్లీషు వాక్యం! బతికున్నప్పుడు ఆ మాట అని ఉంటే ముల్లుకర్ర లేచేది.

అవ్వ అందరూ చెప్పింది విని ఒకటే మాట అన్నది. "పేరు మీరు సదువుకోండ్రి. అంకెలు నేను సదువుకుంట. బాపు రాసినట్టు ఉండాలె."

బాపు పుట్టిన ఏడాది ఎవరికీ తెలియదు. కాబట్టి రాయి మీద ఉండేది పోయిన ఏడాది ఒక్కటే, ౨౦౨౪. అంత పెద్ద రాయి మీద మా అవ్వ ఎవరి సాయం లేకుండా తనంతట తాను చదువుకోగలిగేది ఆ నాలుగు గుర్తులే. నాకు కావాల్సింది అదొక్కటీ సరిగ్గా రావడం. ఫోటో పెట్టుకుంటారో పులిని పెట్టుకుంటారో మీ ఇష్టం అన్నాను.

"నేను చూసుకుంట చెల్లే, నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు అన్న. ఆయన ఆ మాట అన్న ప్రతి పనికీ చివరికి పరేషాన్ అయ్యేది నేనే.

పోయిన పెద్దలకు పెట్టుకునే పెత్రమాస దగ్గరపడుతుండగా రాయి ట్రాలీలో వచ్చింది. మహబూబాబాద్ వైపు నల్లరాయికి కొదవ లేదు. అన్న అక్కడే ఒక షాపులో చెక్కించాడు. ఇప్పుడు ఉలీ సుత్తీ పట్టే పని లేదు. కంప్యూటర్లో టైపు చేస్తే చైనా మిషను చెక్కేస్తుంది. నిజం చెప్పాలి, రాయి అద్దంలా ఉంది. పేరు బాగా వచ్చింది. కింద సంవత్సరం చూశాను. రెండు. దాని పక్కన చిన్న చిన్న చుక్కలతో గుండ్రంగా ఒక వలయం. ఆ వలయాన్ని ఆనుకుని ఒక సున్న. తర్వాత రెండు, నాలుగు.

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడిందంటారే, ఆ బల్లిని నేనే.

ఆ చుక్కల వలయం నాకు ఆఫీసులో రోజూ కనపడే దరిద్రమే. అక్షరం సున్న ఒంటరిగా నిలబడలేదు. దానికి ముందు ఇంకో అక్షరం ఉండాలి, దాన్ని ఆనుకునే ఉండాలి. అంకె పక్కన దాన్ని తెచ్చి కొడితే కొన్ని కంప్యూటర్లు ఒప్పుకోవు. "ఇక్కడ ఒక అక్షరం ఉండాలి, లేదు" అని చెప్పడానికి ఆ ఖాళీ చోట చుక్కలతో ఒక వలయం గీసి చూపిస్తాయి. టైపు చేసేవాడు చూసి దిద్దుకోవడానికి అది ఒక హెచ్చరిక. వీళ్లు ఆ హెచ్చరికను దిద్దకుండా, శ్రద్ధగా, లోతుగా, నున్నగా రాతిలో చెక్కారు.

చుట్టూ చేరిన బంధువర్గం మురిసిపోయింది.

"డిజైన్ మంచిగ కొట్టిండు" అన్నాడు చిన్నాయిన. "సూర్యుడు గద గిది?"

"సూర్యుడు గాదు, చక్రం" అన్నది వదిన.

"అలగ్ ఉన్నది చెల్లే. అందరి లెక్క లేదు" అన్నాడు అన్న, మిషను తనే కనిపెట్టినట్టు.

అవ్వ దగ్గరికి వచ్చి, కొంగుతో రాయి తుడిచి, మొదటి అంకె మీద వేలు పెట్టింది. "రెండు" అన్నది. వేలు పక్కకు జరిపి చుక్కల దగ్గర ఆగింది. ఒక్కో చుక్కా తడిమింది.

"గిదేంది బిడ్డా? ఎవలో చుక్కలు వెట్టి, ముగ్గు కలపకుంటనే లేచిపోయిండ్రు."

ఆ తర్వాత చదవలేదు. వేలు తీసేసి ఇంటికి నడిచింది. ఆమె వెనక పోతుంటే నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ మంట చల్లారకముందే మర్నాడు మహబూబాబాద్ వెళ్లాను.

షాపులో టైపు చేసినతను మర్యాదస్తుడే, కుర్చీ తుడిచి వేశాడు. "మీ అన్న ఫోన్ల చెప్పిండు మేడం. రెండు, సున్న, రెండు, నాలుగు, తెలుగుల కొట్టమన్నడు. సున్నకు సున్నే కొట్టిన" అన్నాడు.

"ఏ సున్న?"

"సున్నలు ఎన్ని ఉంటయి మేడం?"

ఇంగ్లీషువాడు ఈ తప్పు చేస్తే సాకు ఉండదు. అతనికి అంకెకు ఒక పేరు, అక్షరానికి ఇంకో పేరు. మనకు బడిలో "సున్న పెట్టరా" అంటే అది అక్షరమో, అంకెయో, పరీక్షలో వచ్చిన మార్కో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. కీబోర్డు మీద అక్షరం సున్న చేతికందేచోట ఉంటుంది. అంకె సున్న కోసం వెతకాలి. వెతకడమంటే మనవాళ్లకు చెడ్డ బద్ధకం.

లోపలినుంచి షాపు యజమాని వచ్చాడు. తప్పు జరిగిందని ఒప్పుకుంటే నోటి ముత్యాలు రాలిపోతాయి గనక ఇంకో మార్గం పట్టాడు.

"పోరని తప్పు గాదు మేడం. మిషన్ చైనాది. చైనోళ్ల అంకెలల్ల సున్న ఉండది. సున్న వచ్చిందంటె దానికి సమజ్ కాదు, గట్ల చుక్కలు తీస్తది."

అంత ధీమాగా చెప్పిన అబద్ధం నేను ఈ మధ్య వినలేదు. మిషను మీది బటన్లన్నీ చైనా అక్షరాలతోనే ఉన్నాయి, వాటి మీద వీళ్లు తెలుగు కాగితాలు అంటించుకున్నారు. ఒకదాని మీద "బంద్", ఒకదాని మీద "చాలు". మా దగ్గర చాలు అంటే నడిపించు అని. మా మేనేజరు వచ్చి ఇక చాలు అనుకుని దాన్ని నొక్కితే వేలు తెగుతుంది. ఆ సంగతి తలుచుకుంటే కొంచెం హాయిగా అనిపించింది.

కానీ అది అబద్ధమని యజమానికి చూపించాలి కదా. చైనా అంకెలు నాకేం తెలుసు? ఆ కచ్చతో రైల్లో పోతూ వస్తూ ఫోనులో చదవడం మొదలుపెట్టాను. ఎదుటి సీటామె బతుకమ్మ చీరల వీడియోలు చూస్తుంటే, నేను చైనా ఒకటి ఎక్కడుందో, రెండు ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చున్నాను.

లోకంలోని లిపులన్నిటికీ నంబర్లు పంచిన పట్టికను యూనికోడ్ అంటారు. అందులో మన తెలుగు అంకెలు సున్న నుంచి తొమ్మిది దాకా బంతిలో కూర్చున్నట్టు పక్కపక్కన ఉన్నాయి. చైనా వాళ్లవి అట్లా లేవు. వాళ్లకు అంకె కూడా ఒక మాటే. అందుకని వాటిని ఆ భాషలోని వేలాది మాటల గుర్తుల మధ్యే, గీతల ఆకారాన్ని బట్టి సర్దారు. ఒకటి అంటే ఒక అడ్డగీత, అది ఆ బారుకే మొదటిది. రెండు అంటే రెండు గీతలు, అది ఎక్కడో వెనకపడింది. నంబర్ల ప్రకారం వరుసగా చదివితే ఒకటి, ఏడు, మూడు, తొమ్మిది, రెండు అని వస్తుంది. మా అన్న చిన్నప్పుడు బాపుకు అంకెలు అప్పజెప్పినట్టే ఉంది.

గీతలతో ఇంకో చిక్కు. ఒకటికి ఎవడైనా ఒక గీత చేర్చితే రెండు, ఇంకోటి చేర్చితే మూడు. అందుకని మోసాలు జరగకుండా బరువైన పత్రాల్లో గీతలు దట్టంగా కిక్కిరిసిన వేరే పాత అంకెలు రాస్తారు. కంప్యూటర్లో వాటికి మళ్లీ వేరే నంబర్లు. తెలివైన వాళ్లే. ఆ తెలివి కూడా ఒక చోట బోల్తా పడింది. పూర్వం అక్కడి షావుకార్లు పుల్లలు పేర్చినట్టు రాసుకున్న మరో రకం అంకెలున్నాయి. అవి సూజౌ అనే ఊరి పేరుతో పిలిచేవి. పట్టికలోకి ఎక్కించినప్పుడు హాంగ్‌జౌ అనే ఇంకో ఊరి పేరు పడింది. తప్పని తర్వాత తెలిసింది, ఒప్పుకున్నారు, పక్కన రాసి పెట్టారు కూడా. పేరు మాత్రం మార్చరట, ఒకసారి ఇచ్చిన పేరు మార్చకూడదని నియమమట. జనగామ సంతకు భువనగిరి సంత అని పేరు పెట్టి, తప్పే గానీ ఇక ఇంతే అన్నట్టు. మహబూబాబాద్‌లో రాయి ఒక్కటే పాడుచేశారు, నయం.

ఇక సున్న. వాళ్లకు సున్న లేకపోవడమా? రెండున్నాయి! ఒకటి గీతలు కిక్కిరిసిన మాట. రెండోది అచ్చం మనదే, గుండ్రటిది. అందులోనూ సంవత్సరం రాసేటప్పుడు వాడేది ఈ గుండ్రటిదే. పట్టికలో దాన్ని తోటి అంకెల దగ్గర ఉండనీయకుండా విరామచిహ్నాల పేటలో ఎక్కడో దూరంగా పడేశారు. దొరక్క కొందరు దాని బదులు ఇంకేదో గుండ్రటి బొమ్మ కొట్టేస్తారట. అది చదివినప్పుడు ఘట్‌కేసర్ దాటుతున్నాం. గట్టిగా నవ్వేశాను, ఎదుటి సీటామె ఫోను దించి చూసింది. ఎంత పెద్ద దేశమైనా ప్రతి ఊళ్లో ఒక మహబూబాబాద్ షాపు ఉంటుందన్నమాట.

వారం తిరిగేలోపు మళ్లీ ఆ షాపుకు వెళ్లి, యజమాని ఎదుటే చైనా అంకెల్లో రెండు వేల ఇరవై నాలుగు కొట్టించాను. సున్న చక్కగా మధ్యలో వచ్చి కూర్చుంది. తర్వాత మన అంకె సున్న ఎక్కడుందో చూపించి తెలుగులో కొట్టించాను. అదీ వచ్చింది, ఒక్క చుక్క లేకుండా.

"చూసిండ్రా? మిషన్‌కు సున్న తెలుసు. మీకే తెల్వది" అన్నాను.

యజమాని ఆ రెండు వరుసలూ చూశాడు. ఆయన మొహంలో సిగ్గు వెతికాను, అది కూడా తప్పు పేటలో పెట్టారేమో, దొరకలేదు.

"మరి మీ రాయి మీద చైనాల కొట్టియ్యాల్నా మేడం?" అన్నాడు.

చుక్కల్లో ఏదో నల్లటి ముద్ద నింపి పాలిష్ పెడతానన్నాడు. ఒక ముక్క మీద చేసి చూపించాడు, మశూచి మచ్చల్లా ఉంది. కొత్త రాయే కావాలన్నాను. బతుకమ్మ, దసరా కానీయమన్నాడు. పెత్రమాసకు మాత్రం ఆ రాయే గతి. లేచి వస్తుంటే టైపు చేసినతను వెనకాలే వచ్చి, శుభవార్త చెబుతున్నట్టు గొంతు తగ్గించి అన్నాడు.

"మేడం, గా చుక్కల డిజైన్ మొగుళ్లపల్లోళ్లు గూడ అడిగిండ్రు. మీ అన్న ఫోటో పంపిండట. ఈసారి రెండు దిక్కుల పెట్టమన్నరు."

మొగుళ్లపల్లి మా వదిన పుట్టిల్లు. మేము తెలియక తెచ్చుకున్న తప్పును వాళ్లు అడిగి మరీ చేయించుకుంటున్నారు. ఇక అది తప్పు కాదు, ఫ్యాషను. ఇంకొన్నాళ్లకు చుక్కలు లేని రాయిని చూసి, పాపం వీళ్లకు స్తోమత లేదేమో అంటారు.

పెత్రమాస నాడు అందరం పొలానికి పోయాం. అన్నం, కూరలు, బాపుకు ఇష్టమైన సర్వపిండి పెట్టాం. అన్న సమాధి పక్కన నిలబడి ఫోటోలు దిగాడు. అయ్యాక అవ్వ కొంగు ముడి విప్పింది. అందులో ముగ్గు పిండి ఉంది.

"గిప్పుడు నీకు ముగ్గులెందుకక్కా?" అన్నది చిన్నమ్మ. భర్త పోయిన మనిషి పిండి ముట్టుకుంటే ఆమె కొంప ఏం మునుగుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అవ్వ ఆమె వైపు చూడనే లేదు. రాయి ముందు కూర్చుని ఒక్కో చుక్కలో పిండి కూరి, వేలితో చుక్కకూ చుక్కకూ మధ్య గీత కలుపుతూ పోయింది. నల్లరాయి మీద తెల్లగా, ఎక్కడా వంకర లేకుండా వలయం నిండింది. అప్పుడు మొదటి అంకె మీద వేలు పెట్టింది.

"రెండు. సున్న. సున్న. రెండు. నాలుగు."

మళ్లీ మొదటినుంచి, ఈసారి కలిపి చదివింది.

"ఇరవై వేల ఇరవై నాలుగు."

"గట్ల గాదవ్వా" అన్నాను. నా గొంతులో కోపమే ఉంది. "గా మొదటి సున్న ఉండద్దు. గది వాళ్లు చేసిన తప్పు. దసరా అయినంక కొత్త రాయి వస్తది."

అవ్వ నా మాట వినిపించుకోలేదు. రాయినే చూస్తున్నది.

"ఇరవై వేల ఇరవై నాలుగు" అన్నది. "అంటె ఇంక శానా ఉన్నది గద బిడ్డా. బాపు ఇంక పోనే లేదు."

అని నవ్వింది. బాపు పోయిన తర్వాత ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. నాకు అప్పుడు వచ్చింది ఏడుపు.

"కొత్త రాయి వద్దని చెప్పు" అన్నది లేస్తూ.

మర్నాడు షాపుకు ఫోన్ చేసి వద్దన్నాను. "నేను ముందే అనుకున్న మేడం, డిజైన్ నచ్చుతదని" అన్నాడు యజమాని. నాలుక చివర తిట్లన్నీ వరుసగా, మన అంకెల్లా బంతి కట్టి నిలబడ్డాయి. ఒక్కటీ అనకుండా ఫోన్ పెట్టేశాను.

వాన పడ్డప్పుడల్లా పిండి కొట్టుకుపోయి, బాపు మళ్లీ పోయినవాడవుతాడు. తెరిపి ఇవ్వగానే అవ్వ పొలానికి పోయి చుక్కలు కలిపి వస్తుంది.